ఏనుగుల్లేని గజశాల

సోమరాజుపేట ఆడవాళ్లు పశువులకీ బళ్లకీ మధ్య ఉంటారన్న సంగతి మున్సిపల్ కమిషనర్ త్రివిక్రమరావుకి సోమవారం ఉదయం కాఫీ తాగుతుండగా తెలిసింది.

కప్పు కింద పెట్టి మళ్లీ చూశాడు. అనుమానం లేదు. విషయసూచికలో నాలుగో అధ్యాయం పేరు స్పష్టంగా ఉంది: 'పశువులు, స్త్రీలు, బండ్లు, తదితర సంపద'.

ఆ పుస్తకం పేరు 'సోమరాజుపేట సమగ్ర చరిత్రము'. 1908లో జమీందారుగారి దివాను జగ్గారాయుడు రాశాడు. ఊరికి ఉన్న చరిత్ర అదొక్కటే. ఇన్నాళ్లూ దాని జోలికి ఎవరూ పోలేదు. కానీ ఈమధ్య 'వారసత్వ యథాతథ పరిరక్షణ మండలి' అని ఒకటి పుట్టి, ఊళ్లకి బిరుదులివ్వడం మొదలుపెట్టింది. వారసత్వ పట్టణం అనిపించుకున్న ఊరికి ఒక బోర్డు వస్తుంది. ఆ ఊరి కమిషనర్‌కి ప్రమోషన్ వస్తుంది. షరతు మాత్రం కఠినమైనది. మండలి సర్క్యులర్ మూడో పేరా ఇలా ఉంది:

"దరఖాస్తు చేసుకొనిన పట్టణము తన ప్రామాణిక చరిత్ర గ్రంథమునందు వర్ణింపబడిన రీతిని యథాతథముగా ఉండవలెను. గ్రంథమునకును పట్టణమునకును తేడా కనిపించిన యెడల, పట్టణమును సవరించవలెను."

మండలి డైరెక్టర్ తనిఖీకి వచ్చేది శనివారం. అంటే ఊరిని సవరించడానికి త్రివిక్రమరావుకి ఉన్నది ఐదు రోజులు.

ఆయన పుస్తకం చదివాడు. చదవడమంటే విషయసూచిక, తర్వాత ఒక్కో అధ్యాయంలో మొదటి వాక్యం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఫైళ్లని అలాగే చదువుతున్నాడు, ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు. రెండో అధ్యాయం మొదటి వాక్యం దగ్గర ఆయన వేలు ఆగింది.

"పట్టణమధ్యమందలి గజశాల ఎనిమిది ఏనుగులు పట్టునంత విశాలమైనది."

సూపరింటెండెంట్ గున్నయ్యని పిలిచాడు.

"గున్నయ్యా, గజశాలలో ప్రస్తుతం ఏమున్నాయి?"

"ఆడపిల్లల జూనియర్ కాలేజీ ఉందండి. నాలుగొందల మంది పిల్లలు."

"ఏనుగులు?"

"లేవండి."

"చూశావా. గ్రంథానికీ పట్టణానికీ ఎంత తేడా ఉందో."

అలా కాలేజీని శనివారంలోగా ఖాళీ చేయించాలన్న నిర్ణయం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఏనుగులకి కొంచెం ఎక్కువ టైము పట్టింది. అటవీ శాఖ ఇవ్వనంది. సర్కస్ కంపెనీ తమ దగ్గర ఉన్నది ఒక ఒంటె అంది. చివరికి పార్కులకి బొమ్మలు చేసే ఆయన దగ్గర ఎనిమిది సిమెంటు ఏనుగులు దొరికాయి.

"సదరు ఏనుగులు తొండం ఎత్తి ఉండవలెనా, దించి ఉండవలెనా?" అని గున్నయ్య నోట్ పెట్టాడు.

"చెరి సగం" అని కమిషనర్ ఆర్డర్ వేశాడు.

*

ఆ కాలేజీ ప్రిన్సిపాల్ కుముదవల్లి. పాఠం చెప్పేది చరిత్ర. పదో తరగతి తర్వాత ఆడపిల్లలు చదువుకోవాలంటే చుట్టుపక్కల ముప్పై ఊళ్లకి అదొక్కటే కాలేజీ. అది మూతపడితే పక్క ఊరి కాలేజీకి రెండు బస్సులు మారాలి. రెండు బస్సులు మార్చి ఆడపిల్లల్ని పంపే ఇళ్లు ఎన్ని ఉంటాయో ఆమెకి తెలుసు. అందుకని గున్నయ్య ఇచ్చిన నోటీసుని చివరి అక్షరందాకా చదివి తలెత్తింది.

"ఏనుగుల కోసమా?"

"నా చేతిలో ఏముందమ్మా. పుస్తకంలో ఉందట" అన్నాడు గున్నయ్య. అతని కూతురు ఆ కాలేజీలోనే సెకండియర్ చదువుతోంది. ఉదయం నుంచి అతనికి అన్నం సయించలేదు.

"ఆ పుస్తకం ఉందా మీ దగ్గర?"

జిరాక్స్ కాపీ ఇచ్చాడు. ఆమె నాలుగో అధ్యాయం తీసింది. మొదటి వాక్యం చదివి నవ్వింది.

"ఈ పట్టణమందు స్త్రీలు కలరు. వారినిగూర్చి వ్రాయదగిన విశేషములేమియు లేవు."

రాయదగినవి లేవని రాశాక, దివానుగారు ఆడవాళ్ల గురించి పదకొండు పేజీలు రాశాడు. ఆడవాళ్లు ఏం చెయ్యకూడదో అన్నీ ఉన్నాయి. కుముదవల్లి చివరిదాకా చదివింది. నూట పన్నెండో పేజీ దగ్గర మాత్రం ఆగి, రెండుసార్లు చదివింది. తర్వాత నోటీసు మడిచి గున్నయ్యకి తిరిగి ఇచ్చేసింది.

"ఇది చెల్లదు గున్నయ్యగారూ. నూట తొమ్మిదో పేజీ చూడండి. సర్కారు కాగితంలో స్త్రీ పేరు రాయరాదు, రాసిన గుమాస్తాకి గుండు గీయించవలెను. మీరు నా పేరు రాశారు, ఇంటిపేరుతో సహా."

గున్నయ్య తల తడుముకున్నాడు.

"అంతేకాదు. స్త్రీలు గుమిగూడిన ఆవరణలోకి పరపురుషుడు అడుగు పెట్టరాదు. ఇక్కడ నాలుగొందల మందిమి గుమిగూడి ఉన్నాం. మీరు స్టాఫ్ రూములో కూర్చుని టీ తాగుతున్నారు."

"ఏం శిక్షమ్మా దానికి?" అన్నాడు గున్నయ్య మెల్లగా.

"కొరడా దెబ్బలు. ఎన్నో రాయలేదు. మీ కమిషనర్‌గారి ఇష్టమనుకుంటా."

గున్నయ్య టీ సగంలో వదిలేసి గేటు దాటాడు. నడక చూస్తే మాత్రం మనిషి సంతోషంగానే ఉన్నట్టున్నాడు.

*

త్రివిక్రమరావుకి కోపం రాలేదు. పైగా ముచ్చటపడ్డాడు.

"ఆవిడ నిబంధనల మనిషి. మనదే పొరపాటు. స్త్రీ పేరు రాయకూడదంటే ఎవరి పేరు రాయాలని ఉంది?"

"భర్త పేరండి."

"రాయి."

కుముదవల్లి భర్త సాంబమూర్తికి బజారులో గడియారాల రిపేరు షాపు ఉంది. నెమ్మదైన మనిషి. ఆ సాయంత్రం గోడ గడియారం ఒకటి విప్పి పెట్టుకుని ఉండగా, 'బాలికల జూనియర్ కాలేజీకి పురుష బాధ్యుడు'గా ఆయన్ని నియమిస్తూ ఆర్డరు వచ్చింది. మర్నాడు పొద్దున్నే సమీక్షా సమావేశానికి రమ్మన్నారు.

"సాంబమూర్తిగారూ, కాలేజీ ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు?"

"మా ఇంట్లో అడిగి చెబుతానండి."

"పోనీ, సామాను ఎక్కడికి తరలిస్తున్నారు?"

"అదీ ఇంట్లోనే అడగాలండి." ఆగి, జేబులోంచి చీటీ తీశాడు. "మా ఇంట్లో మిమ్మల్ని నూట పన్నెండో పేజీ చదవమన్నారండి."

"చదవడం మా శాఖ పని కాదండీ. అమలు చేయడం మా పని" అన్నాడు కమిషనర్.

ఒక్క కాలేజీకి మాత్రమే ఈ పద్ధతి పెడితే తనిఖీలో తేడా కనిపిస్తుందని ఎవరో గుర్తు చేశారు. అందుకని బుధవారం నుంచి ఊళ్లో ఉద్యోగం చేసే ప్రతి ఆడమనిషి కుర్చీలోనూ ఆమె భర్తో, తండ్రో, అన్నో కూర్చోవాలని ఉత్తర్వు వెలువడింది. ఆడవాళ్లు ఇళ్లలో ఉండాలి, లేదా పుస్తకం ఒప్పుకున్న ఆడవాళ్ల ఆవరణలో ఉండాలి. ఊళ్లో అలాంటి ఆవరణ ఒక్కటే ఉంది. అది కాలేజీ. మధ్యాహ్నానికల్లా ఊళ్లో ఉద్యోగం చేసే ఆడవాళ్లంతా టిఫిన్ క్యారియర్లతో అక్కడికి చేరుకున్నారు.

నీటి సరఫరా ఇంజనీరు స్థానంలో ఆమె భర్త, మృదంగం వాయించే ఆయన వచ్చాడు. ఆయనకి వాల్వు తిప్పడం తెలియదు గానీ తాళం తెలుసు. ఆ రోజు మూడు వార్డులకి నీళ్లు ఆదితాళంలో వచ్చాయి. బిందె నిండే సమయానికి ముగింపు తీర్మానం వాయించి కట్టేశాడు.

ప్రసూతి ఆసుపత్రి హెడ్ నర్సు బదులు ఆమె భర్త వచ్చాడు. లారీ డ్రైవరు. నొప్పులు పడుతున్న మొదటి కేసుని చూసి, "రివర్స్‌లో ఉందా?" అని అడిగి, జవాబు వినకుండానే కళ్లు తిరిగి పడిపోయాడు. పేషెంటు లేచి అతనికి మంచినీళ్లు ఇచ్చి, తన మంచం అతనికి వదిలేసి, ఆటో ఎక్కి కాలేజీకి వెళ్లింది. హెడ్ నర్సు అక్కడే ఉందిగా. కెమిస్ట్రీ ల్యాబులో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

రెండో తరగతి టీచరమ్మ భర్తకి మటన్ కొట్టుంది. పిల్లలకి కూడికలు నేర్పమంటే కిలోకి ఎంత, అరకిలోకి ఎంత అని నేర్పాడు. ఆ ఒక్క తరగతి మాత్రం లెక్కల్లో బాగుపడింది.

పోలీసులకి ఇంకో చిక్కు. వీధిలో స్త్రీ ఎదురైతే పరపురుషుడు కళ్లు మూసుకుని గోడవైపు తిరగాలని నూట ఆరో పేజీలో ఉంది. మెయిన్ సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ రోజంతా కళ్లు మూసుకునే చేతులు ఊపాడు. స్కూటీల మీద ఆడవాళ్లు హాయిగా వెళ్లిపోయారు. ఏ పనికి ఏ ఆఫీసుకి వెళ్లినా, కుర్చీలో ఉన్న మగాడు ఒకే మాట చెప్పేవాడు.

"మా ఇంట్లో అడిగి చెబుతానండి."

త్రివిక్రమరావు ఇంట్లో ఇంకో పేజీ అమల్లోకి వచ్చింది. ఆయన భార్య విశాలాక్షి జిరాక్సు కాపీ తెప్పించుకుని చదివింది. పొద్దు పొడిచినది మొదలు పొద్దు కుంకువరకు భార్య భర్తతో మాట్లాడరాదు, నూట పదో పేజీ. మొదటి రోజు ఆయనకి ప్రాణం సుఖంగా అనిపించింది. రెండో రోజు కళ్లజోడు కనిపించలేదు. మూడో రోజు కళ్లజోడు లేక, కనిపించిన రెండు చెప్పులూ వేసుకుని ఆఫీసుకి వచ్చాడు. ఒకటి ఆయనది, ఒకటి ఆవిడది.

"ఎక్కడుందో చెప్పొచ్చుగా?" అని ఆ సాయంత్రం దీపాలు పెట్టాక అడిగాడు.

"పగలు మీ నెత్తి మీదే ఉందండి. చెప్పకూడదుగా మరి" అంది విశాలాక్షి.

*

శుక్రవారం సిమెంటు ఏనుగులు లారీలో వచ్చాయి. దింపే కూలీలు మగవాళ్లు. మగవాళ్లు ఆవరణలోకి వెళ్లకూడదు. ఏనుగులు లారీ మీదే గేటు ముందు నిలబడ్డాయి, నాలుగు తొండం ఎత్తి, నాలుగు దించి.

శనివారం మధ్యాహ్నం మండలి డైరెక్టర్ రైలు దిగారు. పేరు డాక్టర్ ఎ. పట్నాయక్ అని కాగితంలో ఉంది. దండ పట్టుకుని ముందుకొచ్చిన త్రివిక్రమరావు, రైలు మెట్ల మీద నేత చీర చూసి ఆగిపోయాడు.

"నేనే అనసూయా పట్నాయక్‌ని. బరంపురం మాది, తెలుగు బాగానే వచ్చు" అంది ఆవిడ.

త్రివిక్రమరావు కళ్లు మూసుకుని గోడవైపు తిరిగాడు. ఆయన వెనక పద్నాలుగు మంది అధికారులు వరసగా గోడవైపు తిరిగారు. గోడ మీద ఉన్న గజ్జి మందు ప్రకటనకి ఎదురుగా అందరూ కళ్లు మూసుకుని గౌరవంగా నిలబడ్డారు.

"ఏమైంది వీళ్లకి?"

"యథాతథమండి" అన్నాడు గున్నయ్య, గోడకేసి.

పుస్తకం ప్రకారం గొప్పింటి స్త్రీ మూసిన పల్లకీలోనే ఊళ్లోకి రావాలి. పెళ్లిళ్లకి అద్దెకిచ్చే పల్లకీ తెచ్చారు. మోసింది నలుగురు బిల్ కలెక్టర్లు. గొప్పింటి స్త్రీ దిగదగిన చోటు ఆడవాళ్ల ఆవరణ తప్ప ఇంకోటి లేదు కాబట్టి, పల్లకీ తిన్నగా కాలేజీ గేటు దగ్గరికే వెళ్లింది. లోపల నాలుగొందల మంది అమ్మాయిలూ, ఊళ్లో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లూ, నాలుగు రోజుల పసిపాపా ఆవిడకి ఎదురొచ్చారు.

గంటన్నర తర్వాత గేటుకి ఒక దుప్పటి కట్టారు. లోపల డైరెక్టర్, కుముదవల్లి. బయట ఎండలో కమిషనర్, అధికారులు. పరపురుషుడు స్త్రీతో నేరుగా మాట్లాడకూడదు. నడుమ ఒక బంధువు ఉండాలి. అందుకని దుప్పటి పక్కన స్టూలు మీద సాంబమూర్తిని కూర్చోబెట్టారు.

"ఈ ఏనుగులేమిటో అడగండి" అంది డైరెక్టర్.

"ఏనుగులేమిటని అడుగుతున్నారండి" అన్నాడు సాంబమూర్తి.

"వినపడింది. గజశాలను గ్రంథంలో ఉన్న రీతిని పునరుద్ధరించే చర్యల్లో భాగంగా, సదరు ఏనుగులు సేకరించడమైనదని మనవి చేయండి."

"సదరు ఏనుగులటండి."

"గ్రంథంలో గజశాలలో ఏనుగులున్నాయని ఎక్కడుంది?"

"రెండో అధ్యాయం, మొదటి వాక్యం" అని కమిషనర్ తడుముకోకుండా చెప్పాడు.

"ఎనిమిది పడతాయని ఉంది. ఉన్నాయని లేదు. నూట పన్నెండో పేజీ చదివారా?"

సాంబమూర్తి ఈసారి మాట అందించలేదు. కమిషనర్ వైపు చూసి, "నేను మంగళవారం నుంచీ..." అని మొదలుపెట్టి, ఆపేశాడు.

దుప్పటి వెనక నుంచి కుముదవల్లి చదివింది. పాఠం చెప్పినట్టే, నిదానంగా.

"జమీందారుగారి ఆఖరి ఏనుగు చనిపోయినది మొదలు గజశాల ఖాళీగా ఉన్నది. పట్టణపు ఆడవారు మధ్యాహ్నవేళల అచ్చట గుమిగూడి, బొగ్గుతో గోడలమీద అక్షరములు దిద్దుకొనుచున్నారు. దివాణమువారు మూడుమారులు వెళ్లగొట్టించిరి. నాలుగవమారు మరల వచ్చినారు. వీరికి నేర్పునది ఎవతెయో తెలియరాలేదు. ఇది మిక్కిలి శోచనీయము."

గేటు బయట గున్నయ్య గజశాల గోడల్ని కొత్తగా చూస్తున్నాడు. అతని కూతురు రోజూ ఆనుకుని కూర్చునే గోడలవి.

"అది... అది దివానుగారు ఖండించారండీ" అన్నాడు కమిషనర్, మధ్యవర్తిని మర్చిపోయి. "శోచనీయము అని స్పష్టంగా ఉంది."

"సర్, జరగని దాన్ని అంత కోపంగా ఖండించరు" అంది కుముదవల్లి. "ఈ పదకొండు పేజీలూ అంతే. బావి దగ్గర గట్టిగా నవ్వరాదు అన్నాడంటే నవ్వేవాళ్లున్నారు. గజశాల కప్పెక్కి గాలిపటాలు ఎగరెయ్యరాదు అన్నాడంటే ఎక్కేవాళ్లున్నారు. రాయడానికేమీ లేదంటూనే మనవాళ్ల సంగతులన్నీ రాసి పెట్టాడు, పాపం."

"కాబట్టి యథాతథంగా ఉండాలంటే ఇక్కడ ఉండాల్సింది చదువుకునే ఆడవాళ్లు" అంది డైరెక్టర్. "ఉన్నారు. తేడా ఏమీ లేదు. కాలేజీ ఇక్కడే కొనసాగాలని ఆర్డరు రాశాను. దాంతోపాటు మీ వారసత్వ బిరుదు పత్రం కూడా తెచ్చాను. రెంటి మీదా సంతకం పెట్టేస్తాను."

ప్రమోషన్ దుప్పటికి అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. కానీ త్రివిక్రమరావు నిబంధనల మనిషి. ఈ వారంలో పేజీల నంబర్లు ఆయనకి కంఠతా వచ్చేశాయి.

"ఒక్క నిమిషం. కాలేజీ ఆర్డరు చెల్లదండి. నూట ఏడో పేజీ. స్త్రీ చేవ్రాలు చెల్లదు, భర్త చేవ్రాలు వలయును."

"నాకు పెళ్లి కాలేదు."

"తండ్రిగారు?"

"పోయారు."

అధికారులందరూ సాంబమూర్తి వైపు చూశారు.

"నన్ను చూడకండి బాబూ. నాకు ఈ కాలేజీయే ఎక్కువైంది" అన్నాడు సాంబమూర్తి.

దుప్పటి తొలగింది. డైరెక్టర్ బయటికి వచ్చి, మూసుకున్న కళ్ల వరసకి ఎదురుగా నిలబడింది. ఆవిడ చేతిలో రెండు కాగితాలున్నాయి.

"కమిషనర్‌గారూ, రెండు కాగితాల మీదా పడేది ఒకే సంతకం. పుస్తకం చెల్లితే నా సంతకం చెల్లదు, అప్పుడు మీ బిరుదూ చెల్లదు. నా సంతకం చెల్లితే కాలేజీ ఉంటుంది, మీరు అమల్లోకి తెచ్చిన పేజీలన్నీ రద్దవుతాయి. మీరే చెప్పండి. నా సంతకం చెల్లుతుందా, చెల్లదా?"

త్రివిక్రమరావు కళ్లు తెరిచాడు. ఏనుగుల్ని చూశాడు. తనిఖీ హడావుడిలో ఇవాళ కూడా వేసుకొచ్చిన రెండు రకాల చెప్పుల్ని చూశాడు. ఇలాంటి ప్రశ్న ఆయన సర్వీసులో రాలేదు. చెమట తుడుచుకుని, నాలుగు రోజులుగా ఊరంతా విన్న మాటే ఆయన కూడా అన్నాడు.

"మా ఇంట్లో అడిగి చెబుతానండి."

ఫోన్ చేశాడు. రింగవుతోంది గానీ ఎత్తడం లేదు. మళ్లీ చేశాడు.

"ఎత్తరండి" అన్నాడు గున్నయ్య. "నూట పదో పేజీ."

టైము నాలుగున్నర. చేసేది లేక అందరూ గేటు ముందే కూర్చున్నారు. అమ్మాయిలు కుర్చీలు వేశారు, టీలు ఇచ్చారు. డైరెక్టర్, కమిషనర్, పద్నాలుగు మంది అధికారులు, నలుగురు బిల్ కలెక్టర్లు, అందరూ పడమటి వైపు తిరిగి సూర్యుణ్ని చూస్తూ కూర్చున్నారు. గడియారాలాయన కావడంతో అందరూ సాంబమూర్తిని టైము అడుగుతూనే ఉన్నారు. సోమరాజుపేట మున్సిపాలిటీ పాలన ఆ గంటన్నరా సూర్యుడి చేతిలో ఉంది.

చివరి ఎర్రటి ముక్క లారీలోని ఏనుగుల వెనక్కి జారిపోయింది. వెంటనే ఫోన్ మోగింది. త్రివిక్రమరావు కంగారులో స్పీకర్ నొక్కాడు. విశాలాక్షి గొంతు వీధంతా వినపడింది.

"సంగతంతా సాయంత్రమే తెలిసింది, గున్నయ్యగారి అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ సంతకం చెల్లుతుంది, పెట్టించుకోండి. ఆ కాలేజీ గోడల మీద మొదట అక్షరాలు దిద్దించింది మా తాతమ్మే. ఆ దివానుగారు ఆవిడ భర్తే. ఇంట్లో ఉన్న మనిషి ఎవతెయో ఆయనకి చివరిదాకా తెలియలేదు."

డైరెక్టర్ రెండు కాగితాల మీదా సంతకం పెట్టింది.

"ఇంకో మాట" అంది ఫోన్లో విశాలాక్షి. "ఆ ఏనుగుల్ని ఆఫీసు ముందు పెట్టించండి. వచ్చేటప్పుడు నా చెప్పు తీసుకురండి."